బాబాయి నడక పరీక్ష

పోయినవారం కథని బాబాయి చొక్కా గుండీల దగ్గర ఆపాను. కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. బాబాయికి పెద్దపేగులో క్యాన్సరు గడ్డ తీసేశారు. కోసిన చోట మానింది. దాని నలుసు ఒంట్లో ఇంకెక్కడైనా మిగిలి ఉంటే మళ్ళీ లేవకుండా ఇప్పుడు మందు ఎక్కించాలి. ఆ ఆసుపత్రిలో డెబ్బై దాటిన క్యాన్సరు రోగుల మీద ఒక పరిశోధన నడుస్తోంది. వయసు చూసి కాకుండా, మనిషిలో సత్తువ ఎంతుందో కొలిచి దాన్నిబట్టి మందు ఇస్తే ఏమవుతుందో చూస్తున్నారు. సత్తువ ఉన్నవాళ్ళకి రెండు మందులు కలిపి గట్టిగా ఇస్తారు. లేనివాళ్ళకి ఒకటే మందు, మెల్లగా. బాబాయి అందులో చేరాడు. తనకి గట్టి మందే పడాలని పట్టుపట్టి కూర్చున్నాడు. తీరా ఆ ఉదయం ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు చొక్కా తొడుగుతుంటే, ఆయన తుంటి మీద అరచెయ్యంత మేర నల్లగా కమిలిన మచ్చ కనపడింది నాకు.

"ఎప్పుడు పడ్డావ్?" అన్నాను.

బాబాయి గోడకేసి చూశాడు. వెనకనుంచి మా చెల్లెలు, అంటే బాబాయి కూతురు, నా మోచెయ్యి పట్టుకుంది.

"అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను. అక్కడ మాత్రం నోరు విప్పకు."

నోరు విప్పకుండానే ఆటో ఎక్కాం.

ఆ ఆసుపత్రి కొత్త భవనం మా పాత బస్సు డిపో స్థలంలో కట్టారు. ఈ మాట ఎవరితో అన్నా "అలాగా" అని ఫోన్లోకి చూసుకుంటారు. వాళ్ళకేం తెలుసు? పరిశోధన గది ముందున్న వసారా సరిగ్గా మేం బస్సులు కడిగిన చోట వస్తుంది. ఇప్పుడక్కడ అద్దంలా మెరిసే గచ్చు, రోగులు పట్టుకుని నడవడానికి గోడ పొడుగునా కడ్డీలు, వరసగా నీలం కుర్చీలు. అప్పుడు మడమలు మునిగే బురద. పొద్దున్నే ఇంజన్లు వేడెక్కించే రొద, తడిసిన రెగ్జిన్ సీట్ల వాసన, డీజిలు పొగ. ఆ పొగలోంచి తోలు సంచీ భుజాన వేసుకుని, టిక్కెట్ల పెట్టె చంకలో ఇరికించుకుని బాబాయి వచ్చేవాడు. డిపోలో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు. 'హోల్డాన్' అనేవాళ్ళు. బస్సు ఆపమని ఆయన పెట్టే ఆ కేకకి రోడ్డుమీద పోయే సైకిళ్ళు కూడా ఆగిపోయేవి.

నేను బడి మానేసిన ఏడు మా ఇంట్లో నాతో మాట్లాడింది బాబాయి ఒక్కడే. మిగతావాళ్ళు నా గురించి మాట్లాడారు, నాతో కాదు. బాబాయి నన్ను వెంటబెట్టుకుని డిపోకి తీసుకొచ్చి చేతిలో చీపురు పెట్టాడు. ఊడిచాను, కడిగాను, టైర్లు మార్చాను, చివరికి స్టీరింగ్ పట్టాను. బాబాయి కండక్టరుగా ఉన్న బండికే డ్రైవరునయ్యాను. తర్వాత కండక్టర్లు అక్కర్లేదని మిషన్లు పెట్టారు. ఆ తర్వాత చూపు ఆనడం లేదని నన్నూ దించేశారు. ఇప్పుడొక గోడౌను గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయే లారీలకి గొలుసు ఎత్తుతాను, దించుతాను. బతుకంటే ఇంతేనయ్యా అని ఎవరైనా పెద్దమనిషిలా నాకు చెప్పబోతే ఒళ్ళు మండుతుంది. ఇంతే కాదు. ఇంతకంటే చాలా ఉండేది. ఈ గచ్చు కిందే ఉండేది.

"ఏరా, మన డిపో ర్యాంపు ఎక్కడొస్తుంది?" అన్నాడు బాబాయి, నీలం కుర్చీలో కూలబడుతూ.

"ఆ మంచినీళ్ళ మిషను దగ్గర."

"కాదు. లిఫ్టు దగ్గర. నీ చూపు ఇప్పుడు కాదురా, అప్పట్నుంచే ఆనదు."

చెల్లెలు నవ్వలేదు. "నాన్నా, కబుర్లు తర్వాత. ఐదు మాటలూ ఒకసారి చెప్పు."

"గొడుగు, నది, తాళం, గుర్రం, కిటికీ." స్టాపుల పేర్లు చదివినట్టు ఊపిరి తిప్పుకోకుండా అన్నాడు.

"నడిచేటప్పుడు?"

"తల పైకి. గోడ ముట్టుకోను. మలుపులో తొందరపడను."

"పడ్డారా అని అడిగితే?"

"పడటమా? నేనా?"

ఇదీ వాళ్ళు ఇంట్లో చేసిన తయారీ. మా చెల్లెలు టైలరు. ఏది చూసినా కొలతల్లోకి దించేస్తుంది. పోయినసారి నర్సు చేయించినవన్నీ కళ్ళతోనే కొలుచుకుని ఇంటికి పోయి, మెడలో ఎప్పుడూ వేలాడే టేపు తీసి, హాల్లో సుద్దముక్కతో గీత గీసింది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గీతదాకా నడిచి తిరిగి రావడం, ఒంటికాలి మీద నిలబడటం, చెప్పిన మాటలు గుర్తుంచుకుని మళ్ళీ అప్పజెప్పడం. రోజూ పొద్దున్నే ఇదే. తప్పు చేస్తే మొదటినుంచీ. మా వంశంలో పరీక్షంటే ఒకటే అర్థం, పాసో ఫెయిలో. ఫెయిలైతే ఏమవుతారో చూపించడానికి నేనున్నాను కదా. అందుకని మనిషి సత్తువ కొలిచేదాన్ని కూడా వాళ్ళు పరీక్షే అనుకున్నారు. పాసైతే అసలు మందు. ఫెయిలైతే ఇంటికి.

"మన వంశంలో పరీక్ష పాసైన మొదటివాణ్ణి నేనే అవుతానురా," అన్నాడు బాబాయి నా తొడమీద కొట్టి.

నేను ఆయన తుంటి వైపు చూశాను. ఆయన చొక్కా కిందికి లాక్కున్నాడు.

పరిశోధన నర్సు తలుపు తీసింది. పొట్టి మనిషి, గుండ్రటి కళ్ళద్దాలు, ఎవరో తరుముతున్నట్టు నడుస్తుంది. బాబాయి ఆవిణ్ణి టీచరమ్మ అంటాడు.

"రండి తాతగారూ."

"తాతగారేంటమ్మా? ఇందాక బయట కూర్చున్నాయన్ని అంకుల్ అన్నావు. ఆయన నాకంటే పెద్దాడు."

"ఆయన జుట్టుకి రంగేసుకొస్తారండీ."

"అంతేనా? వచ్చేసారి మీసాలకి కూడా వేసుకొస్తా. అప్పుడేమంటావో చూస్తా."

నర్సు నవ్వుతూనే కుర్చీ చూపించింది. "మొదటి ప్రశ్న అందరికీ ఒకటే. ఈ వైద్యంలో మీకు అన్నిటికంటే ముఖ్యం ఏంటి?"

"పాసవ్వడం," అన్నాడు బాబాయి.

"అది కాదండీ. మీకేం కావాలి అని."

"గట్టి మందు కావాలి. రాసుకో."

నర్సు రాసుకుంది. ఐదు మాటలు చెప్పింది: దిండు, రైలు, నిమ్మకాయ, గంట, దారం. బాబాయి వెంటనే అప్పజెప్పాడు. కాసేపాగి మళ్ళీ అడుగుతానంది. తర్వాత కుర్చీలోంచి లేవమంది. చేతులు ఛాతీమీద కట్టుకుని, నిలువుగా లేచాడు. వసారాలోకి తీసుకొచ్చి, నేలమీద పసుపు పట్టీ దాకా నడిచి వెనక్కి రమ్మంది.

నడిచాడు. అది జబ్బు మనిషి నడక కాదు. కిక్కిరిసిన బస్సులో ఏ కడ్డీ పట్టుకోకుండా, రెండు చేతులా టిక్కెట్లు చింపుతూ, వెనకనుంచి ముందుకొచ్చే నడక. కాళ్ళు కొంచెం ఎడంగా, మోకాళ్ళు కొంచెం వంచి, భుజాలు కదలకుండా. నేను అద్దంలో చూసేవాణ్ణి. ఘాటు రోడ్డు మలుపులో అందరూ ఒకరిమీద ఒకరు పడుతుంటే ఆయనొక్కడు చిల్లర లెక్కపెట్టుకుంటూ నిలబడేవాడు. మధ్యాహ్నం ఆఖరి స్టాపులో పిన్ని క్యారియరుతో కాచుకుని ఉండేది. "మీ ఇద్దరూ ఊరిమీద పడి తిరగండి, ఎండలో నిలబడ్డానికి నేనున్నాగా," అని కేకలేస్తూనే బండెక్కేది. ఖాళీ బస్సులో వెనక పొడుగు సీటులో ముగ్గురం తినేవాళ్ళం. కిటికీలన్నీ తెరిచి ఉండేవి. పిన్ని కాళ్ళు పైకి మడుచుకుని కూర్చుని, ఆ పూట బండెక్కినవాళ్ళందరి సంగతులూ బాబాయి చేత చెప్పించుకునేది. ఎవరు ఎవరితో పోట్లాడారు, ఎవరు టిక్కెట్టు ఎగ్గొట్టబోయారు, ఏ కొత్త జంట విడివిడిగా కూర్చుంది. ఆయన అందరి గొంతులూ అనుకరించి చూపించేవాడు. ఆవిడ నవ్వి నవ్వి పొలమారేది. ఆ సీటు మీద ఇంకొక్క మధ్యాహ్నం ఇస్తానంటే నాకున్నదంతా ఇచ్చేస్తాను. నాకున్నది ఎవరికీ పనికిరాదనుకోండి, అది వేరే సంగతి.

వెనక్కి తిరిగేటప్పుడు బాబాయి ఎడమ పాదం గచ్చుకి గీసుకుంది. చిన్న చప్పుడు. నర్సు గడియారం చూసుకుంటోంది. నేను విన్నాను. చెల్లెలూ విన్నది.

"బ్రహ్మాండం," అంది నర్సు, లోపల మళ్ళీ కూర్చున్నాక. "ఇందాకటి ఐదు మాటలు చెప్పండి."

బాబాయి ఛాతీ విరిచాడు. "గొడుగు, నది, తాళం, గుర్రం, కిటికీ!"

నర్సు చేతిలో పెన్ను ఆగింది. చెల్లెలు కళ్ళు మూసుకుంది.

"తాతగారూ, ఇవి పోయినసారి మాటలు."

"మారుస్తారా?"

"ప్రతిసారీ మారుస్తామండీ."

"ఇదెక్కడి అన్యాయం! సిలబస్ మారిస్తే ముందు చెప్పొద్దూ?"

నర్సుకి నవ్వాగలేదు. నాకూ ఆగలేదు. కానీ ఆవిడ నవ్వుతూ నవ్వుతూనే చెల్లెలి వైపు చూసింది, ఆ చూపులో నవ్వు లేదు.

"ఇంట్లో ప్రాక్టీసు చేయించారా అక్కా?"

"నడిస్తే మంచిదని మీరే అన్నారు కదండీ."

"నడక మంచిదే. నేనడిగేది అది కాదు." కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "తాతగారూ, ఈ మధ్య ఎప్పుడైనా పడ్డారా?"

"పడటమా? నేనా?" అన్నాడు, బట్టీ పట్టినట్టే.

నర్సు కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఎందుకడుగుతున్నానంటే, ఆ రెండో మందు అరికాళ్ళని మొద్దుబారుస్తుంది. కొందరికి మందు ఆపేసినా ఆ మొద్దు పోదు. ఇప్పటికే పడుతున్న మనిషికి అదిస్తే ఏ తుంటో విరిగి మంచాన పడతారు. క్యాన్సరు కంటే ముందు అదే ప్రాణం మీదికి తెస్తుంది. పడుతున్నారంటే వైద్యం మానేస్తామని కాదు. మందు మారుస్తాం. కాళ్ళకి కసరత్తు చేయించి, బలం వచ్చాక మళ్ళీ చూస్తాం. ఈ కొలతలన్నీ అందుకే. పాస్ చెయ్యడానికి కాదు."

"నేను పడలేదు," అన్నాడు బాబాయి.

చెల్లెలి గోళ్ళు నా మోచేతిలో దిగాయి. స్టీరింగ్ ముందు కూర్చున్న అన్నేళ్ళూ వెనక తలుపు దగ్గర ఏం జరుగుతోందో నాకు తెలిసేది కాదు. బాబాయి రైట్ అంటే కదిలేవాణ్ణి, హోల్డాన్ అంటే నా కాలు దానంతటదే బ్రేకు మీద పడేది. ఎందుకని అడిగింది లేదు. ఆయన మాట మీద జనంతో నిండిన బండి నడిపాను. ఆ మనిషి నా ఎదురుగా కూర్చుని అబద్ధం చెప్పడం చూడటం ఇదే మొదలు.

"పడ్డాడమ్మా," అన్నాను. "తుంటి మీద మచ్చుంది. పొద్దున్నే చూశాను."

"అన్నయ్యా!"

"నువ్వుండవే."

బాబాయి నావైపు తిరగలేదు. కిటికీకేసి చూస్తూ అన్నాడు, "డ్రైవరు గారికి నోరొచ్చింది."

"ఎన్నిసార్లు పడ్డావ్ బాబాయ్?"

"నీకెందుకురా? నువ్వేమైనా పట్టుకోడానికొచ్చావా?"

"పిలిస్తే వచ్చేవాణ్ణి కాదా? అరికాళ్ళు మొద్దుబారితే ఏం చేస్తావ్? పాక్కుంటూ తిరుగుతావా?"

"పాక్కుంటూనే తిరుగుతా!" గది గోడలు అదిరాయి. డిపో మూతపడ్డాక ఆ కేక నేను మళ్ళీ వినలేదు. "బతికుంటేనే కదరా పాకేది! చిన్న మందిచ్చి పంపడమంటే ఏంటో నాకు తెలీదనుకున్నావా? మెల్లగా పొమ్మనడం. మీ పిన్నికేం చెప్పారు? 'ఈ వయసులో ఎందుకండీ, ఇంటికి తీసుకెళ్ళి బాగా చూసుకోండి' అన్నారు. బాగా చూసుకున్నా. దిండు కింద దిండు పెట్టి చూసుకున్నా. రోజూ ఇంత తగ్గిపోతుంటే చూస్తూ కూర్చున్నా. ఇంకేం చెయ్యను?"

పిన్ని పోయి ఇన్నేళ్ళయినా, ఆ చివరి రోజుల గురించి ఆయన ఒక్క ముక్క మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

"ఆ మాట అన్నదెవరో తెలుసా నీకు?" గొంతు తగ్గించి, పక్కగది తలుపు వైపు వేలు చూపించాడు. "ఈవిడే. ఈ పరిశోధన నడిపే డాక్టరమ్మే. అప్పుడు పాత ఆసుపత్రిలో ఉండేది, ఇంత పిల్ల. నేను వచ్చిన మొదటిరోజే గుర్తుపట్టా. ఈవిడదే అని తెలిసే చేరా. ముసలాడికి గట్టి మందిస్తే ఎలా బతుకుతాడో ఈవిడ కళ్ళతో ఈవిడే చూడాలి. ఈవిడ ముందు నిటారుగా నడవాలి. రోజూ ఆ సుద్దగీత మీద ఎందుకు నడిచాననుకున్నావ్? ఇంతా చేస్తే నువ్వొచ్చి బ్రేకు తొక్కావ్."

ఇది బతకడానికి పడ్డ ఆరాటం అనుకున్నాను. పిన్ని తరఫున పోట్లాట అనుకోలేదు.

నర్సు ఎప్పుడు లేచి వెళ్ళిందో చూడలేదు. పక్కగది తలుపు తెరుచుకుని డాక్టరమ్మ వచ్చింది. జుట్టు సగం నెరిసింది. వచ్చి డాక్టర్లు కూర్చునే కుర్చీలో కూర్చోలేదు. నర్సు స్టూలు మీద, బాబాయి మోకాళ్ళకి ఎదురుగా కూర్చుంది.

"నేనెవరో గుర్తుందా డాక్టరమ్మా?" అన్నాడు బాబాయి.

"మొదటిరోజే గుర్తుపట్టాను కండక్టరు గారూ. మీ నడక చూసి."

"మరి చెప్పలేదేం?"

"మీరూ చెప్పలేదుగా."

"మా ఆవిణ్ణి వైద్యం చెయ్యకుండా ఇంటికి పంపావు."

"పంపాను."

"మందు లేకనా?"

"ఉంది. ఇద్దామనే అనుకున్నాం. నయమవుతుందని చెప్పలేను గానీ, కొంతకాలం దక్కేది."

ఆ మాటకి బాబాయి మీదపడి కొడతాడేమోనని భయపడి నేను లేచాను. ఆయన కదల్లేదు. డాక్టరమ్మ నావైపు, చెల్లెలి వైపు చూసి, "వీళ్ళ ముందు చెప్పొచ్చా?" అంది.

"చెప్పు. వీళ్ళ దగ్గర నాకు దాపరికాల్లేవు."

పొద్దుటిదాకా తుంటి మీద మచ్చ దాచిన మనిషి అన్న మాట ఇది. ఇంకో రోజైతే నవ్వేవాణ్ణి.

"ఆ రోజు మీరు మందుల షాపుకి వెళ్ళారు. ఆవిడ నన్ను మంచం దగ్గరికి పిలిచారు. నాకీ వైద్యం వద్దమ్మా అన్నారు. ఎందుకో కూడా చెప్పారు. మావారికి మాత్రం నేను వద్దన్నానని తెలియకూడదు, వయసైపోయింది లాభం లేదని మీరే చెప్పండి అన్నారు. నేను వద్దన్నానంటే తట్టుకోలేడు, మీరన్నారంటే మిమ్మల్ని తిట్టుకుంటూ బతికేస్తాడు అన్నారు. నాకప్పుడు అనుభవం లేదు. ఒప్పుకున్నాను. ఆవిడకి మాటిచ్చాను."

ఆవిడ గొంతు సర్దుకుంది. "ఆ తర్వాత ఎంతోమంది పెద్దవాళ్ళని చూశాను. మీకేం కావాలని మేం అడగం. అడగలేదు కదా అని వాళ్ళు చెప్పరు. ఈ పరిశోధనలో ఆ ప్రశ్న అన్నిటికంటే ముందు పెట్టింది అందుకే. ఆవిడ చెప్పింది ఇంకా దాచేదాన్నే. కానీ మీరు నేను చెప్పిన అబద్ధాన్ని నిజమనుకుని, మీ కాళ్ళు తట్టుకోలేని మందు అడుగుతున్నారు."

"అబద్ధం," అన్నాడు బాబాయి. గొంతులో బలం లేదు. "నాకు చెప్పకుండా అది ఇంట్లో కుర్చీ కూడా జరిపేది కాదు. నీ తప్పు దాని మీదికి తోస్తున్నావు. చచ్చిపోయినవాళ్ళు వచ్చి చెప్తారా ఏంటి?"

"చచ్చిపోయినవాళ్ళు రారండీ." డాక్టరమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "కానీ అప్పుడు గదిలో ఉన్నది మేమిద్దరమే కాదు."

ఆవిడ ఎవరి వైపూ చూడలేదు.

నా మోచేతి మీద చెల్లెలి వేళ్ళు లేవని అప్పుడు తెలిసింది నాకు. ఎప్పుడు తీసేసిందో గానీ, మెడలోని టేపుని పిడికిలికి చుట్టుకుంటోంది. చుట్టింది విప్పి మళ్ళీ చుడుతోంది. బాబాయి కుర్చీ చేతులు పట్టుకుని, ఇంట్లో అన్నాళ్ళూ పట్టుకోకూడదని నేర్చుకున్న చేతులు పట్టుకుని, మెల్లగా కూతురి వైపు తిరిగాడు.

"అమ్మా," అన్నాడు. "నువ్వున్నావా?"

మా చెల్లెలు తలెత్తలేదు.